పడవ ఏ ఒడ్డున ఉంది?

పోయినవారం మనం టీచరమ్మను ఎనిమిదో తరగతి గదిలో, నల్లబల్ల ముందు, తెరిచిన నోరు తెరిచినట్టే నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఇక ఆవిడను కదిలిద్దాం.

చదివి మరిచిపోయినవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. తల్లిదండ్రులను పిలిచి పాఠం చూపించే రోజది. పాఠం నూరేళ్ల కిందటి ఇంగ్లీషు నవలిక, ఒక పడవవాడి కథ. అతని భార్య ఒక రాత్రి గొడవపడి ఏరు దాటి వెళ్లిపోతుంది. అప్పట్నుంచి అతను రోజూ చీకటి పడగానే ఏటివైపు కిటికీలో దీపం పెడతాడు. కూతురు పెరుగుతుంది, అతను ముసలివాడవుతాడు, దీపం మాత్రం మానడు. దీపం దేనికి ప్రతీక అన్న ప్రశ్నకు జవాబు "ఆశకు, ఎదురుచూపుకు, చెదరని ప్రేమకు." నాలుగు మార్కులు. ఆ జవాబును గైడులో రాసింది మన టీచరమ్మే. ఆ గైడునూ, నవలికను పిల్లలకోసం కుదించిన పుస్తకాన్నీ అచ్చువేసి అమ్మేది ఆవిడ అన్నయ్య ప్రెస్సాయన. జవాబు చెప్పడానికి లేచింది ఆ ప్రెస్సాయన కూతురు, టీచరమ్మ పెంచుతున్న మేనకోడలు. ఇంట్లో కందిరీగ అంటారు. కందిరీగ లేచి గైడులో ఉన్నది చెప్పకుండా, "ఆ దీపం ఉత్త నాటకం మేడమ్" అంది.

ఇక్కడ బడిగుట్టు ఒకటి విప్పాలి. పాఠం చూపించే రోజున ప్రశ్న అడగ్గానే క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి. వెనక కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులకు చేతుల అడవి కనబడుతుంది, టీచరుకు మాత్రం కుడిచేతులే కనబడతాయి. ఎన్నేళ్లుగానో ఈ ఏర్పాటు ఎప్పుడూ బెడిసికొట్టలేదు. ఆ రోజు కందిరీగ ఎత్తింది కుడిచెయ్యే. దీపం జవాబు ఆ పిల్లకే అప్పగించి, నాలుగు రోజులపాటు ఇంట్లో వల్లెవేయించింది కూడా టీచరమ్మే.

"ఎందుకలా అనుకుంటున్నావు?" అంది టీచరమ్మ, గొంతు సవరించుకుని. పెద్దవాళ్లు చూస్తున్నప్పుడు పిల్లను కూర్చోమంటే బాగుండదు మరి.

"పడవ ఏ ఒడ్డున ఉంది మేడమ్?"

"ఇవతలి ఒడ్డునే. అయితే?"

"ఆ ఏటికంతా పడవ అదొక్కటే. ఆవిడను అవతల దింపి వచ్చింది కూడా ఆయనే. రోజూ దీపం పెట్టాక కిందికి దిగి, పడవను ఒడ్డుకు లాగి, గొలుసు చుట్టి తాళం వేస్తాడు. తాళంచెవి మొలకు కట్టుకుంటాడు. మరి ఆవిడ ఎలా రావాలి, ఈదుకుంటూనా? రమ్మనేవాడు పడవ పంపిస్తాడు కదా మేడమ్. ఆ దీపం ఆవిడకోసం కాదు. ఊళ్లోవాళ్లు చూసి, అయ్యో ఎంత మంచివాడో అనుకోవడానికి."

ఎవరో తల్లి పక్కున నవ్వింది. ఇంకెవరో చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్లు కొట్టకపోవడంతో చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ దగ్గాడు.

"తాళం సంగతి మన పుస్తకంలో లేదే," అంది టీచరమ్మ.

"పాత పుస్తకంలో ఉంది మేడమ్," అని కందిరీగ కూర్చుంది.

ముందు వరసలో ప్రెస్సాయన లేచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకుండానే "అర్జెంటు పనుంది, మిషను దగ్గర ఎవరూ లేరు" అని అందరికీ వినబడేలా చెప్పి బయటికి నడిచాడు. టీచరమ్మ ఆ వీపునే చూస్తూ చేతిలోని సుద్దముక్కను బల్లమీద పెట్టేసింది.

పాఠం అయ్యాక ప్రిన్సిపాల్ పెట్టిన చివాట్ల గురించి నేను చెప్పను. చివాట్లు అందరికీ తెలిసినవే. ఆయన అంటున్నంతసేపూ టీచరమ్మ తలాడించిందే గాని ఒక్క ముక్క వినలేదు. ఆవిడ మనసు ఇంటి గుమ్మం దగ్గర ఉంది.

ఆ గుమ్మం పక్కన ఒక జత ఆడవాళ్ల చెప్పులు ఉంటాయి. వదినవి. కందిరీగ ఒకటో తరగతిలో ఉండగా వదిన ఇల్లు విడిచి వెళ్లిపోయింది. వెళ్లిపోయిందని అన్నయ్య చెప్పాడు. అప్పట్నుంచి ఆ చెప్పులను కదిపింది లేదు. ఇంటికొచ్చినవాళ్లు వాటిని చూసి ఆగుతారు. "ఎప్పుడొచ్చినా ఇది ఆమె ఇల్లే. తలుపు తెరిచే ఉంటుంది" అంటాడు ప్రెస్సాయన, ఎటో చూస్తూ. వచ్చినవాళ్లు నిట్టూరుస్తారు. ఆదివారం ఆదివారం ఆ చెప్పులమీద దుమ్ము తుడిచే పని కందిరీగది.

టీచరమ్మ పెళ్లి చేసుకోలేదు. రెండు సంబంధాలు వచ్చి పోయాయి, ఈలోపు పిల్ల వచ్చి ఒళ్లో పడింది. జ్వరాలు, జడలు, లెక్కల్లో సున్నాలు, పళ్లూడటాలు, అన్నీ ఆవిడే చూసింది. బడిలో మేడమ్, ఇంట్లో అత్త. నిద్రమత్తులో మాత్రం ఒక్కోసారి "అమ్మా" అంటుంది ఆ పిల్ల. ఆ పిలుపుకి పలకాలా వద్దా అని టీచరమ్మ ప్రతిసారీ తడబడుతుంది, ప్రతిసారీ పలుకుతుంది. ఇన్నేళ్ల జీవితంలో ఆవిడ సొంతమంటూ ఉన్నది ఆ పిలుపొక్కటే.

పుస్తకాన్ని కుదించిన రోజులు గుర్తొచ్చాయి. పదహారు పేజీలు ఒక ఫారం. "ఆరు ఫారాల్లో సర్దాలి, ఏడో ఫారం పడితే నేను మునిగిపోతాను" అని అన్నయ్య పోరు పెట్టాడు. అప్పటికి వదిన వెళ్లి ఏడాది. టీచరమ్మ కూర్చుని వర్ణనలు కొట్టేసింది, వానలు కొట్టేసింది, చేపలు పట్టే అధ్యాయం సగం కొట్టేసింది. చివరికి ప్రూఫులు చేతికొచ్చినప్పుడు తాను కొట్టని పేరా ఒకటి ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. పడవ, గొలుసు, తాళం. "ఇదెందుకు తీశావన్నయ్యా?" అంటే, "చోటు చాల్లేదమ్మాయ్. పడవకు తాళం వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత?" అన్నాడు. నిజమే కదా అనుకుంది. ఎమ్మే ఇంగ్లీషు చదివిన మనిషి, ఇతివృత్తం, ప్రతీక అని పొద్దస్తమానం పిల్లలకు నూరిపోసే మనిషి, నిజమే కదా అనుకుంది.

బడి వదలగానే ఇంటికి పోకుండా ప్రెస్సుకు నడిచింది.

ప్రెస్సులో మిషను దడదడలాడుతోంది. ఒక పక్క మడతలు పెట్టేవాళ్లు, ఒక పక్క కుట్టేవాళ్లు, అట్టలకు జిగురు రాసేవాళ్లు. పరీక్షల ముందు రోజులు కాబట్టి గైడ్లు కట్టలు కట్టలుగా కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ప్రెస్సాయన కటింగ్ మిషను దగ్గర నిలబడి అంచులు సరిచూస్తున్నాడు. చెల్లెల్ని చూసి, చూడనట్టు, ఇంకో కట్ట అందుకున్నాడు.

"అన్నయ్యా, ఒక్క మాట."

"ఆ పిల్లకు జవాబు నేర్పడం చేతకాలేదు గాని, ఇక్కడికొచ్చి ఒక్క మాటా?" మిషను హోరుమీదుగా అరిచాడు. "నలుగురిలో నా మొహాన పేడ కొట్టించావు!"

"నీ పేరెత్తలేదే అది. పడవవాడి గురించి చెప్పింది."

ప్రెస్సాయన మళ్లీ కట్ట అంచులమీదికి వంగాడు. టీచరమ్మ పక్కనున్న కట్టలోంచి నవలిక ఒకటి లాగి, చివరి పేజీలు తిప్పి, ఆయన మొహం ముందు పెట్టింది. కథ అయిపోయాక తెల్లకాగితాలు. ఒకటి కాదు, అటూ ఇటూ కలిపి నాలుగు పేజీలు.

"చోటు చాల్లేదన్నావు."

"లెక్క తప్పుంటుంది."

"ఫారాల లెక్క నువ్వు తప్పావా? నిద్రలో లేపి అడిగినా చెబుతావు. ఆ పేరా ఎందుకు తీశావో చెప్పు."

అదే సమయానికి కాగితం చిరిగి మిషను ఆగింది. గదంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయింది. కుట్టేవాళ్లూ, మడతపెట్టేవాళ్లూ కుక్కిన పేనుల్లా తలలు వంచుకున్నారు. ప్రెస్సాయన వాళ్లవైపు చూసి, "టీ తాగి రండి" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు.

"వదిన తిరిగొచ్చిందా?" అంది టీచరమ్మ. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు. అడిగాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది, ఎంత చిన్న ప్రశ్న అని.

"వచ్చింది."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు." కటింగ్ మిషను మీద పడ్డ కాగితం ముక్కలను ఆయన అరచేత్తో ఊడ్చాడు. "మొదట్లో ఇంటికే వచ్చేది. నువ్వు బడిలో ఉండే వేళ. తర్వాత ఇక్కడికి. ఆ తర్వాత మానేసింది."

"తలుపు తెరిచే ఉంటుందని ఊరందరికీ చెబుతావు!"

"ఊరికి చెప్పక ఏం చెప్పమంటావు? కోపంలో పొమ్మన్నాను. పోయింది. పోయిన మనిషి కాళ్లు పట్టుకోవడానికి వస్తుందనుకున్నాను. రాలేదు. తలెత్తుకుని వచ్చింది. తప్పు నీదని ఒప్పుకుంటేనే లోపలికొస్తానంది. గుమ్మంలో నిలబడి, నాకు! నేను ఒప్పుకోలేదు. పిల్లను పంపించమంది. పంపలేదు. అంతే కథ. దీనికి గైడెందుకు?"

"మరి ఆ చెప్పులు?"

"ఉంటే ఏం? ఎవరికి అడ్డం?"

టీచరమ్మ గోడకు ఆనుకుంది. "నాకెందుకు చెప్పలేదన్నయ్యా? నేనెళ్లి తీసుకొచ్చేదాన్ని కదా. నేను మాట్లాడేదాన్ని."

ప్రెస్సాయన నవ్వాడు. సంతోషంతో నవ్వే నవ్వు కాదది.

"నువ్వా? అమ్మాయ్, నీ కాళ్లకు నేనేమన్నా సంకెళ్లు వేశానా? వాళ్ల పుట్టిల్లెక్కడో నీకు తెలీదా? బస్సెక్కితే పూటలో చేరతావు. ఒక్కరోజన్నా వెళ్లావా? ఒక్క ఉత్తరం రాశావా? ఒక్కసారన్నా నన్ను నిలేసి అడిగావా?"

"నువ్వు చెప్పింది నమ్మాను."

"నమ్మితే నీకు లాభం కాబట్టి నమ్మావు. అడిగితే నేను నిజం చెబుతానేమోనని నీకు భయం. ఆమె వస్తే పిల్ల ఎవరిది? నాకు పరువు కావాలి, నీకు పిల్ల కావాలి. ఇద్దరి అవసరమూ తీరింది. ఇప్పుడొచ్చి నన్నొక్కణ్ని బోనులో నిలబెడితే ఎలా?"

అది అబద్ధమైతే టీచరమ్మ ఎదురు చెప్పేది. తిట్టేది, ఏడ్చేది, ఆ గైడ్ల కట్టలన్నీ తోసి పారేసేది. కొన్ని మాటలు అబద్ధాలకోరు నోట్లోంచి వచ్చినా నిజాలే అవుతాయి, అదే వాటితో వచ్చిన చిక్కు.

"ఆమెతో ఏం చెప్పావు?" అంది చివరికి.

"పిల్ల అత్తకు అలవాటు పడిపోయింది, నిన్ను చూస్తే బెదురుతుంది, నువ్వు రాకపోవడమే పిల్లకు మంచిదని మా చెల్లెలు కూడా అంటోంది, అన్నాను."

"నేనెప్పుడన్నాను?"

"అనలేదులే. నీ పేరు చెబితే నమ్ముతుందని చెప్పాను. నీ మాటంటే ఆమెకు గురి." ఆయన కొత్త కట్ట అందుకుని అంచులు సరిచేశాడు. "వెళ్లు, ఇంటికెళ్లి పిల్లకు నిజం చెప్పుకో. ఎవరొద్దన్నారు? రేపు బట్టలు సర్దుకుని వాళ్లమ్మ దగ్గరికి పోతుంది. నాకు ఎలాగూ ప్రెస్సు ఉంది. నీకేముందో చూసుకో."

టీచరమ్మ బయటపడింది.

తిన్నగా ఇంటికి పోలేదు. రెండు వీధులు చుట్టూ తిరిగింది. నడుస్తూ నడుస్తూ పిల్లకు ఏం చెప్పాలో వరుస పెట్టుకుంది. ముందు కూర్చోబెట్టాలి. తర్వాత వాళ్లమ్మ చెడ్డది కాదని చెప్పాలి. వచ్చిందని చెప్పాలి. నేను అడగాల్సింది, అడగలేదు అని చెప్పాలి. ఆ తర్వాత, వెళ్తానంటే వెళ్లు అనాలి. ఆ ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ వరుస తప్పిపోయి మళ్లీ మొదటికొచ్చేది. అయినా చెప్పి తీరాలనే అనుకుంది. ఆవిడ మంచి మనిషి. ఇన్ని వారాలుగా ఈ కథ చెబుతున్నవాణ్ని, ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. మంచివాళ్లను చూస్తేనే నాకు ఎక్కువ భయం.

మేడమెట్లెక్కి వచ్చేసరికి ఇంట్లో కందిరీగ బల్ల దగ్గర కూర్చుని యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. తనది చేసేసి, అత్త రేపు కట్టుకోబోయే చీర మడతపెడుతోంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే పిల్ల. అత్త మొహం ఒకసారి చూసి, ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది.

"కాళ్లు నొప్పిగా ఉన్నాయా? కూర్చో. మంచినీళ్లు తెస్తాను."

తెచ్చింది. టీచరమ్మ తాగింది. పిల్ల వచ్చి నేలమీద కూర్చుని, అలవాటుగా, ఆవిడ మోకాలిమీద గడ్డం ఆనించింది. జడ వదులైంది. ఆ పాపిట తీసింది పొద్దున తానే, హడావిడిలో కొంచెం వంకర పోయింది.

"ఇవాళ నీకు తిట్లు పడ్డాయా నా వల్ల?"

"పడితే పడ్డాయిలే."

"కావాలనే కుడిచెయ్యి ఎత్తాను. నీ దగ్గర అలా చెయ్యకూడదు, తెలుసు. కానీ నాన్న వినాలి." అత్త చీర అంచు వేలికి చుట్టుకుంటూ అంది, "అత్తా, ఒక్కటి అడుగుతాను, నిజం చెబుతావా?"

"అడుగు."

"అమ్మ ఎప్పుడైనా తిరిగొచ్చిందా?"

వరుసంతా సిద్ధంగానే ఉంది. మొదటి మాట నాలుక మీదే ఉంది. టీచరమ్మ చెయ్యి పిల్ల పాపిట మీద ఉంది. ఆ తల ఆ మోకాలిమీద లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కనబడింది. ఒక మనిషికి సరిపడా వంట, ఒక మనిషికి సరిపడా బట్టలు, రాత్రి ఎవరూ ఎవరినీ పిలవని గది.

"లేదమ్మా," అంది. "రాలేదు."

కందిరీగ తల ఎత్తలేదు. తర్వాత మెల్లగా లేచి, చీర మిగతా మడత పూర్తిచేసి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది.

"నేను ప్రెస్సుకొచ్చాను అత్తా, బడి వదిలాక. నాన్నకు సారీ చెబుదామని. కట్టల వెనకున్నాను. మిషను ఆగాక అంతా వినబడింది."

టీచరమ్మ ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టింది.

"అసలు నాకు అంతకుముందే తెలుసు. పోయిన నెల నుంచి అమ్మ బడి దగ్గరికి వస్తోంది. ఆ పాత పుస్తకం అమ్మదే, తను చదువుకున్నప్పటిది." పిల్ల గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. పాఠం ఒప్పజెబుతున్నట్టు చెబుతోంది. "మీ నాన్న చేసినదానికి మీ అత్తను ఏమీ అనకు అంది అమ్మ. ఆవిడ పేరు మీ నాన్న ఊరికే వాడుకుని ఉంటాడు, ఆవిడకు ఏమీ తెలీదు, తెలిస్తే తనే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేది అంది. నేనూ అదే అన్నాను. ఇవాళ ప్రెస్సులో విన్నాక గట్టిగా నమ్మకం కుదిరింది. నిజంగానే నీకు తెలీదు."

"కందిరీగా..."

"తనతో వచ్చెయ్యమంటోంది అమ్మ. నేను రానన్నాను. అత్తను వదిలి రాను, కావాలంటే సెలవుల్లో వస్తానన్నాను. పోయినవారం రానన్నాను. ఇవాళ పొద్దున కూడా రానన్నాను." పిల్ల బడిసంచీ భుజాన వేసుకుంది. "ఆఖరిసారి అడగడానికి ఇప్పుడు వచ్చి వీధి చివర నిలబడింది. నువ్వొచ్చాక చెబుతానన్నాను. నీ నోటితో నువ్వు నిజం చెబితే నిన్ను కూడా కిందికి తీసుకెళ్దామనుకున్నాను. ఇద్దరూ మాట్లాడుకుంటారని."

టీచరమ్మ లేవబోయింది. "ఆగమ్మా, చెబుతాను, అంతా చెబుతాను..."

"ఇప్పుడెందుకత్తా? అది నాకు తెలిసిందే కదా."

తలుపు తీసి బయటికి నడిచింది. మెట్లమీద అడుగుల చప్పుడు ఒకటొకటిగా కిందికి పోతోంది. టీచరమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. వీధి చివర దీపస్తంభం కింద ఒక ఆడమనిషి ఇటే చూస్తూ నిలబడి ఉంది. అప్పుడే మలుపు తిరిగి ప్రెస్సాయన స్కూటరు ఇంటిముందుకొచ్చి ఆగింది. ఆయన ఆ మనిషిని చూశాడు. స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఆనించి, మెట్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అన్నాడు కూతురితో. "పైకి నడు."

కందిరీగ ఆగింది. తండ్రివైపు చూడలేదు. వెనక్కి తిరిగి, పైన గుమ్మంలో ఉన్న అత్తవైపు చూసింది.